సైరన్ మోగాల్సింది కరెంటు పోయిన రాత్రే

(హనుమకొండలో బల్దియా, అంటే నగరపాలక సంస్థ ఇంజనీర్లు, విపత్తు స్పందన సిబ్బంది, కాలనీ సంఘాల ప్రతినిధుల ముందు చేసిన ప్రసంగ పాఠం. చివర్లో సభికుల ప్రశ్నలు.)

అందరికీ నమస్కారం.

2023 జూలై 26 ఉదయం నుంచి 27 ఉదయం దాకా, ఇరవై నాలుగు గంటల్లో, ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. మన రాష్ట్రంలో ఒక్క రోజులో అంత వాన అంతకుముందు నమోదు కాలేదు. మోరంచవాగు ఊరి మీదికి వచ్చి మోరంచపల్లి మునిగితే జనం డాబాలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు, హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. ఇక్కడ మన నగరంలో బొందివాగు పొంగి హంటర్ రోడ్డు పక్క కాలనీలు, నయీంనగర్ నాలా పొంగి హనుమకొండ కాలనీలు నీళ్లలో నిలిచాయి. రెండు రోజులకు భద్రకాళి చెరువు కట్టకు పోతననగర్ వైపు గండి పడింది.

ఇవన్నీ మీకు తెలిసినవే. మళ్లీ చెప్పడానికి కారణం ఉంది. సైరన్లు కొత్తవి పెడదామని కూర్చున్నప్పుడు మొదట క్యాటలాగులు తెరుస్తాం, ఎన్ని వాట్లు, ఎంత దూరం అని చూస్తాం. దానికి ముందు ఒక రాత్రిని కళ్లముందు పెట్టుకోవాలి. టైము రెండు గంటలు. జడివాన. ఫీడరు ట్రిప్పయి కరెంటు లేదు. సెల్ టవరు బ్యాటరీ దిగిపోయింది. అప్పుడు ఈ సైరన్ మోగుతుందా? మోగితే, నిద్రలో లేచిన మనిషికి ఎటు పోవాలో తెలుస్తుందా? ఈ రోజు నేను చెప్పేదంతా ఆ ఒక్క రాత్రి గురించే.

ముందుగా ఒక సంగతి ఒప్పుకుందాం. వీధి సైరన్ అనేది బయట ఉన్నవాళ్ల కోసం. తలుపులు, కిటికీలు మూసిన ఇంట్లోకి వచ్చేసరికి శబ్దం 20 నుంచి 25 డెసిబెల్స్ తగ్గిపోతుంది. కిటికీలు తెరిచి ఉన్నా 10, 15 పోతాయి. నాలాల వెంబడి మనకు రేకుల ఇళ్లు ఎక్కువ. రేకు మీద జడివాన పడితే ఆ చప్పుడే 70 డెసిబెల్స్ దాటుతుంది. ఎవరికి సైరన్ అందరికంటే అవసరమో వాళ్లకే అది సరిగ్గా వినపడదన్నమాట. అందుకే సైరన్ ఒక్కదాన్నే నమ్ముకుని ప్రణాళిక వేయకూడదు. ఫోన్లకు వచ్చే సెల్ బ్రాడ్‌కాస్ట్ ఉంది. 2023లో ఫోన్లన్నీ ఒక్కసారిగా గట్టిగా మోగి పరీక్ష సందేశం చూపించాయి, అది ఇదే. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ, ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్ కలిసి నడిపేది. టవరు పనిచేసినంతసేపు అది ఇంటి లోపలికి చేరుతుంది. టవరు పడుకున్నాక మిగిలేది సైరను, దాని తర్వాత తలుపు తట్టే మనిషి. మూడూ కావాలి. నాలా పక్కన రేకుల ఇళ్లున్న చోట మాత్రం సైరన్లను మామూలు లెక్క కంటే దగ్గరదగ్గరగా పెట్టమని గట్టిగా కోరుతున్నాను.

ఇప్పుడు పాత సైరన్ సంగతి. ఫైర్ స్టేషన్ల మీద, పాత మిల్లుల మీద ఉండే మోటారు సైరన్‌లో ఒక డ్రమ్ము, దాని చుట్టూ కిటికీలున్న ఇంకో డ్రమ్ము ఉంటాయి. లోపలిది తిరిగితే గాలి తునకలు తునకలుగా బయటికి కొడుతుంది. మోటారు నిమిషానికి 2,880 చుట్లు తిరిగితే సెకనుకు 48. డ్రమ్ముకు పది కిటికీలుంటే సెకనుకు 480 కోతలు, అంటే 480 హెర్ట్జ్ కూత. లెక్క ఇంత సులువు. యంత్రం కూడా మొండిది. బేరింగుకు గ్రీజు పెడితే దశాబ్దాలు నడుస్తుంది. ఆ బొంగురు కూత నగరంలో దూరం పోతుంది కూడా, ఎందుకంటే తక్కువ పౌనఃపున్యాన్ని గాలి అంతగా మింగదు, గోడల అంచుల చుట్టూ వంగి పోగలదు.

మరి ఎందుకు మార్చాలి? దానికి త్రీ ఫేజు కరెంటు కావాలి. 5 హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు 7, 8 ఆంపియర్లు లాగితే, స్టార్టు అయ్యేటప్పుడు 45 దాకా లాగుతుంది. బోరు మోటారు నడిపిన రైతు ఎవరినడిగినా మిగతాది చెబుతారు. ఒక ఫేజు పోతే మోటారు లేవదు, గుయ్యిమంటుంది, కొద్ది నిమిషాల్లో వైండింగు కాలిపోతుంది. వోల్టేజీ 415 ఉండాల్సిన చోట 340 ఉంటే తిప్పే బలం మూడింట రెండు వంతులకు పడిపోతుంది, ఎందుకంటే బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. ఈ కష్టాలన్నీ వానరాత్రే వస్తాయి. జనరేటరు పెడదామంటే ఆ స్టార్టింగు కరెంటుకు 10 నుంచి 15 కేవీఏది కావాలి, దాని డీజిలు, దాని బ్యాటరీ మళ్లీ ఎవరో చూడాలి. పైగా అది మాట్లాడలేదు. కూత వేసి ఊరుకుంటుంది.

అయినా పనిచేస్తున్న పాతది ఉంటే పీకేయొద్దు. ఒక ఫేజు పోగానే మోటారును ఆపేసే సింగిల్ ఫేజింగ్ ప్రివెంటరు పెట్టించి, స్టార్టరు మార్చి, రెండో వరుసలో ఉంచండి.

కొత్తది ఎలక్ట్రానిక్ సైరన్. ఒక కంట్రోలరు, యాంప్లిఫైయర్లు, బ్యాటరీ, ఛార్జరు, పైన హార్నులు. ఒక్కో హార్ను వెనక కంప్రెషన్ డ్రైవరు ఉంటుంది, శబ్దం పుట్టించేది అదే. నాలుగు దిక్కులకు దిక్కుకు 400 వాట్ల చొప్పున 1,600 వాట్లది మన కాలనీలకు సరిపోయే మధ్యరకం. టెండరు రాసేవాళ్లు ఇక్కడ జాగ్రత్తగా వినండి. ఒకాయన వచ్చి తన సైరన్ 150 డెసిబెల్స్ అంటాడు, పక్కాయన 120 అంటాడు. 150 వైపు చెయ్యి పోతుంది. మొదటాయన ఒక మీటరు దూరంలో కొలిచాడు, రెండో ఆయన 30 మీటర్ల దగ్గర కొలిచాడు. ఒక మీటరుకూ 30 మీటర్లకూ మధ్య దాదాపు 30 డెసిబెల్స్ తేడా. రెండూ ఒకటే సైరన్! కాబట్టి "30 మీటర్ల దూరంలో, ఆరుబయట, హార్ను ఎదురుగా ఇన్ని డెసిబెల్స్" అని రాయాలి. "మూడు కిలోమీటర్లు వినబడాలి" అని రాస్తే అది కొలవలేని షరతు, బిల్లు ఆపడానికీ పనికిరాదు, ఇవ్వడానికీ పనికిరాదు.

దూరం లెక్క ఇలా వేస్తారు. ఖాళీ మైదానంలో దూరం రెట్టింపైనప్పుడల్లా 6 డెసిబెల్స్ తగ్గుతుంది. ఇళ్లు, చెట్లు ఉన్న ఊళ్లో 10 తగ్గుతుందని లెక్క కట్టడం క్షేమం. 30 మీటర్ల దగ్గర 120 ఉంటే, 60 దగ్గర 110, 120 దగ్గర 100, 240 దగ్గర 90, 480 దగ్గర 80, 960 మీటర్ల దగ్గర 70. కాలనీలో మామూలు రొద 60 అనుకుంటే దానికంటే 10 ఎక్కువ ఉండాలి కాబట్టి 70 మన గీటురాయి. అంటే వ్యాసార్ధం కిలోమీటరు కంటే కొంచెం తక్కువ. అదే 110 డెసిబెల్స్ సైరనైతే 480 మీటర్ల దగ్గరే ఆగిపోతుంది.

ఇది కూత లెక్క. మాట లెక్క వేరు. కూత వినబడే దూరంలో సగానికి కూడా మాట అర్థం కాదు. ఒక కారణం, స, ష, చ లాంటి హల్లుల్లోని సన్నని శబ్దాలను గాలి ముందే మింగేస్తుంది, అచ్చులే మిగులుతాయి. ఇంకో కారణం, రెండు సైరన్లు ఒకేసారి మాట్లాడటం. శబ్దం సెకనుకు సుమారు 350 మీటర్లు పోతుంది. మీకు ఒక సైరన్ 200 మీటర్లలో, ఇంకోటి 900 మీటర్లలో ఉంటే రెండో దాని మాట రెండు సెకన్లు ఆలస్యంగా వచ్చి మొదటి దాని మీద పడుతుంది. ఏదీ అర్థం కాదు. పక్కపక్క సైరన్లు వంతుల వారీగా మాట్లాడేలా కంట్రోలరులో అమర్చాలి. ఒకటి చెప్పి ఆగితే ఇంకోటి చెబుతుంది. చాలా చోట్ల ఈ అమరిక యంత్రంలో ఉంటుంది, ఎవరూ ఆన్ చేయరు.

నాలుగు కిలోమీటర్ల నాలా ఉందనుకోండి. నా సలహా, పెద్ద సైరన్లు రెండు కాదు, 700 మీటర్లకు ఒకటి చొప్పున మధ్యరకంవి ఆరు. ఒకటి చెడిపోయినా పక్కది కాస్తయినా వినబడుతుంది, మాటా చేరుతుంది. నగరం మొత్తానికి, అరవై ఆరు డివిజన్లకూ ఒకేసారి పెట్టాలని చూడొద్దు. డబ్బు పల్చబడి అన్నీ నాసిరకంవి వస్తాయి. మొదట బొందివాగు, నయీంనగర్ నాలా, భద్రకాళి, వడ్డేపల్లి చెరువుల కింది కాలనీలు. అవి ఒక వానాకాలం సరిగ్గా నడిచాక మిగతావి.

మన ఊరికి గుట్టలు ఒక చిక్కు. పద్మాక్షి గుట్ట, హనుమకొండ గుట్టల వరుస వెనక శబ్దానికి నీడ పడుతుంది. పటం మీద కంపాసుతో వృత్తాలు గీసి పని అయిపోయిందనుకుంటే గుట్ట వెనక బస్తీ మూగగా మిగులుతుంది. గాలిలోని వేడి, చల్లదనం కూడా చూడాలి. ఎండాకాలం మధ్యాహ్నం నేల కాలి పైన చల్లగా ఉంటుంది కాబట్టి శబ్దం ఆకాశం వైపు వంగిపోతుంది. అదే సైరన్ ప్రశాంతమైన చలికాలపు రాత్రి రెండింతలు దూరం వినబడవచ్చు. అందువల్ల అంగీకార పరీక్ష రాత్రి నిశ్శబ్దంలో చేసి మురిసిపోకండి. మధ్యాహ్నం, రద్దీలో, మీటరు పట్టుకుని, కనీసం ఎనిమిది దిక్కుల్లో కొలవండి.

ఎత్తు 12 నుంచి 15 మీటర్లు. చుట్టుపక్కల కప్పుల కంటే హార్ను కనీసం మూడు మీటర్లు పైన ఉండాలి. బల్దియా స్కూళ్లు, వార్డు ఆఫీసులు, వాటర్ ట్యాంకులు మంచి చోట్లు. ప్రైవేటు డాబా మీద పెడితే ఇల్లు చేతులు మారినప్పుడు తాళం దొరకదు. ఖిలా వరంగల్ లోపల, వేయిస్తంభాల గుడి దగ్గర ఒక చట్టం గుర్తుంచుకోవాలి. రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లలో కొత్త నిర్మాణం నిషేధం, ఆపై 200 మీటర్లలో అనుమతి తీసుకోవాలి. పోలు గుంత తవ్వాక కాదు, సర్వేలోనే చూసుకోండి.

ఇప్పుడు బ్యాటరీ. అందరూ తొందరగా దాటేసేది ఇదే. నేను ఇక్కడే ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే సైరన్లు ఎక్కువగా చచ్చేది ఇక్కడే.

1,600 వాట్ల శబ్దానికి యాంప్లిఫైయరు సామర్థ్యం 85 శాతం అనుకుంటే బ్యాటరీ నుంచి సుమారు 1,880 వాట్లు లాగుతుంది. 48 వోల్టుల బ్యాటరీ మీద 39 ఆంపియర్లు. మొత్తం అరగంట కూత వేయాలనుకుంటే 20 ఆంపియర్ అవర్లు, అంటే ఆంపియర్లను గంటలతో గుణించిన లెక్క. మోగనప్పుడు కూడా కంట్రోలరు, రేడియో కలిసి 10 వాట్లు తింటాయి. రోజుకు 5 ఆంపియర్ అవర్లు. కరెంటు మూడు రోజులు రాకపోయినా నిలవాలంటే 15. రెండూ కలిపి 35 అని 40 ఆంపియర్ అవర్ల బ్యాటరీ కొంటారు. అక్కడే బోల్తా పడతారు. లెడ్ యాసిడ్ బ్యాటరీ మీద రాసిన అంకె మెల్లగా వాడితేనే వస్తుంది. అరగంటలో పిండితే సగం కంటే కొంచెం ఎక్కువ మాత్రమే ఇస్తుంది. కాబట్టి ఆ 20ని 36 అనుకోవాలి. 36, 15 కలిపి 51. ముసలితనానికి నాలుగో వంతు కలిపితే 64. దుకాణంలో దొరికే సైజుల్లో దిలాసాగా 100 తీసుకోండి. 12 వోల్టులవి నాలుగు.

ఆ తర్వాత ఎండ. ఇలాంటి సీల్డు బ్యాటరీకి 25 డిగ్రీలు ఇష్టం. ఆ పైన ప్రతి 10 డిగ్రీలకు ఆయుష్షు సగమవుతుంది. మనకు మే నెలలో 43, 44 డిగ్రీలు మామూలు, ఇనుప డబ్బా లోపల ఇంకా ఎక్కువ. ఐదేళ్ల బ్యాటరీ అని రాసున్నది ఇక్కడ రెండున్నర, మూడేళ్లే అనుకుని బడ్జెట్ పెట్టుకోండి. డబ్బా తెల్ల రంగుది, రెండు పొరలది, పోలుకు ఉత్తరం వైపు బిగించింది కావాలి. ఛార్జరుకు ఉష్ణోగ్రతను బట్టి వోల్టేజీ తగ్గించే గుణం తప్పనిసరి. 48 వోల్టుల బ్యాటరీకి డిగ్రీకి దాదాపు 70 మిల్లీవోల్టులు తగ్గాలి. అంటే 25 డిగ్రీల దగ్గర 54 వోల్టులు పెట్టింది 45 డిగ్రీల దగ్గర 52.5కు రావాలి. ఈ సెన్సరు వైరు బ్యాటరీకి అంటించకుండా డబ్బాలో వేలాడదీసి పోతారు. చిన్న తప్పు, బ్యాటరీ ఉబ్బి పగిలేదాకా తెలియదు. లిథియం ఫాస్ఫేటు బ్యాటరీ వేడిని బాగా ఓర్చుకుంటుంది, ఖరీదు ఎక్కువ. దాని లోపలి రక్షణ సర్క్యూటు 39 ఆంపియర్లను, ఆ పైన వచ్చే కుదుపులను తట్టుకుంటుందా అని రాతపూర్వకంగా అడగండి. లేకపోతే కూత మొదలైన క్షణంలో అది తనను తాను కట్ చేసుకుంటుంది.

డబ్బా ఎత్తు కూడా చెప్పాలి. 2023 వరద చార ఇంకా కొన్ని గోడల మీద కనబడుతుంది. దానికి కనీసం ఒక మీటరు పైన బిగించండి. వరద హెచ్చరిక యంత్రం వరదలో మునగడం కంటే బాధాకరం ఏముంటుంది?

ఎర్తింగు ఐదు ఓములు మించకూడదు. ఆగస్టులో నేల తడిగా ఉన్నప్పుడు కొలిస్తే ఎవరికైనా బాగానే వస్తుంది. మే నెలలో కొలవండి. రాగి పట్టీ వేస్తే దొంగలు కోసుకుపోతారు, జీఐ పట్టీ, అంటే జింకు పూత ఇనుప పట్టీ వేయండి. పోలు పైన పిడుగు చువ్వ, డబ్బా లోపలికి వచ్చే కరెంటు తీగకూ, యాంటెన్నా తీగకూ రెండింటికీ సర్జ్ రక్షణ, అంటే ఒక్కసారిగా ఎగసే వోల్టేజీని ఆపేది కావాలి. యాంటెన్నాది మరిచిపోతే మొదటి పిడుగుకే రేడియో పోతుంది.

ఇక కబురు ఎలా పంపాలి? కంట్రోల్ రూము నుంచి సైరన్‌కు రెండు వేర్వేరు దార్లు కావాలి. ఒకటి మన సొంత రేడియో. వీహెచ్‌ఎఫ్ లేదా యూహెచ్‌ఎఫ్, టెలికాం శాఖ వైర్‌లెస్ విభాగం లైసెన్సు తీసుకుని. ఇంకోటి 4జీ. రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు. 4జీనే మొదటి దారిగా పెట్టొద్దు, వరదలో ముందు పోయేది అదే. సిమ్‌ల రీఛార్జి గడువు ఒక మనిషి పేరు మీద, తేదీతో రాసి ఉండాలి. రీఛార్జి లేక సైరన్ మూగబోవడం సాంకేతిక సమస్య కాదు, కానీ ఫలితం మాత్రం ఒకటే. మూడో దారి, పోలు దగ్గరే తాళం వేసిన మీట. తాళంచెవి దగ్గరి పోలీస్ స్టేషన్‌లో ఒకటి, వార్డు ఆఫీసులో ఒకటి.

కబురు పంపడంతో పని అయిపోదు, తిరుగు జవాబు రావాలి. "మోగమన్నాం" వేరు, "మోగింది" వేరు. డబ్బా తలుపు తెరిచారా, కరెంటు ఉందా, బ్యాటరీ ఎన్ని వోల్టులు, ఒక్కో డ్రైవరు గుండా ఎంత కరెంటు పోయింది, ఇవన్నీ తెర మీద కనబడాలి. ఎనిమిది డ్రైవర్లలో రెండు కాలిపోతే చెవికి తెలియదు, ఒక దిక్కు కాలనీకి మాత్రం వినబడటం మానేస్తుంది.

భద్రత గురించి ఒక ఉదాహరణ. 2017 ఏప్రిల్ 7 అర్ధరాత్రి అమెరికాలోని డాలస్ నగరంలో 156 సైరన్లూ ఒక్కసారిగా మోగాయి. ఏ ఆపదా లేదు. ఎవరో రేడియో సంకేతాన్ని వాడుకుని మోగించారు. ఆపడానికి గంటకు పైగా పట్టింది, అత్యవసర నంబరుకు 4,400కు పైగా ఫోన్లు వచ్చాయి. నిజంగా ప్రాణాపాయంలో ఉన్నవాళ్ల ఫోన్లు ఆ గుంపులో చిక్కుకున్నాయి. పాత రేడియో వ్యవస్థల్లో కొన్ని స్వరాలు వినిపిస్తే చాలు, సైరన్ లేచేది. ఎవరైనా రికార్డు చేసి మళ్లీ వినిపించవచ్చు. మనం కొనేదాంట్లో ప్రతి ఆజ్ఞకూ గుప్త సంతకం, సమయం ముద్ర ఉండాలి, ఒకసారి వాడిన ఆజ్ఞను సైరన్ రెండోసారి ఒప్పుకోకూడదు. సైరన్ సైరన్‌కూ వేరే తాళం. ఆపే మీట, మోగించే మీటంత సులువుగా చేతికి అందాలి.

ఇప్పటిదాకా ఇనుము, రాగి గురించి మాట్లాడాను. కూతకు అర్థం ఏమిటన్నది దానికంటే కష్టమైన పని.

మన ఊళ్లలో డప్పు చాటింపు ఎలా వేసేవాళ్లు? మొదట డప్పు. అందరూ ఆగి, చెవి అటు పెట్టాక మాట. మాట కూడా పొట్టిగా, సాగదీసి, వీధి వీధికీ మళ్లీ మళ్లీ. ఆ పద్ధతిలో ఎంతో అనుభవం ఉంది, మన సైరన్‌కు అదే నమూనా. ముందు నిమిషం పాటు ఎగసిపడే కూత. తర్వాత రెండు సెకన్ల నిశ్శబ్దం. తర్వాత మాట, తెలుగులో రెండుసార్లు, ఉర్దూలో రెండుసార్లు. మళ్లీ కూత. "భారీ వర్షపాతం దృష్ట్యా లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండవలసిందిగా విజ్ఞప్తి" అని రికార్డు చేస్తే అరకిలోమీటరు అవతల ఒక్క మాటా దక్కదు. "వరద వస్తోంది. నాలా దగ్గర ఉండొద్దు. పైకి పోండి. స్కూలుకు పోండి." ఇది చాలు. వాక్యానికీ వాక్యానికీ మధ్య ఒకటిన్నర సెకన్ల ఖాళీ. ఏ స్కూలో ఆ కాలనీవాళ్లకు ముందే తెలిసి ఉండాలి, సైరన్ మీద చెప్పి తెలియజేసేది కాదు.

కూతలు రెండే. మన దేశంలో పౌర రక్షణ పద్ధతి ప్రకారం ఎగసిపడే కూత ప్రమాదానికి, ఒకే తీరుగా సాగే కూత ప్రమాదం తొలగిందనడానికి. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. అమెరికా పద్ధతిలో ఒకే తీరుగా మూడు నిమిషాలు సాగే కూత సుడిగాలి లాంటి ప్రమాదాలకు హెచ్చరిక. అక్కడి యంత్రం తెచ్చి అందులో ఉన్న కూతలనే వాడితే మన జనానికి "ప్రమాదం తప్పింది, ఇంట్లోకి పోవచ్చు" అని చెప్పినట్టవుతుంది. యంత్రం బిగించిన రోజే కూతల పట్టిక మార్చి, మిగతావన్నీ తాళం వేయించండి. గోదావరిఖని, భూపాలపల్లి వంటి చోట్ల గని షిఫ్టు సైరన్లు, ఓపెన్‌కాస్టు బ్లాస్టింగు సైరన్లు జనం చెవికి అలవాటై ఉంటాయి. అక్కడ వరద కూత వాటికి ఏ మాత్రం దగ్గరగా ఉండకూడదు.

అర్థం కుదరకపోతే ఏమవుతుందో హవాయి దీవుల్లో చూశాం. 2023 ఆగస్టు 8న లహైనా పట్టణం కార్చిచ్చులో కాలిపోతుంటే సైరన్లు మోగించలేదు. మోగిస్తే జనం సునామీ అనుకుని గుట్టల వైపు, అంటే మంట వైపు పరుగెత్తుతారని భయపడ్డామని అక్కడి అధికారి ఆ తర్వాత వివరణ ఇచ్చారు. సైరన్లు ఉన్నాయి. వాటి కూతకు జనం మనసులో ఒకే అర్థం ఉంది, అది ఆ రోజు అవసరమైన అర్థం కాదు.

ఎప్పుడు మోగించాలి? భద్రాచలంలో గోదావరి 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. అక్కడ చిన్నపిల్లలకు కూడా ఈ అంకెలు తెలుసు. ఏ అంకెకు ఏం సర్దుకోవాలో తెలుసు. 2022 జూలైలో నీళ్లు 71 అడుగులు దాటినప్పుడు ఆ తెలివి ఎంతో పనికొచ్చింది. మన నాలాలకు అలాంటి అంకెలు కావాలి. వంతెన గోడ మీద రంగు గీతలు, పైన రాడారు సెన్సరు. తేడా ఏమిటంటే గోదావరి వరద పై నుంచి దిగి రావడానికి గంటలు, రోజులు పడుతుంది. నగరపు నాలా అంత సమయం ఇవ్వదు, ఒక్కోసారి గంట కూడా. కాబట్టి గీత దాటితే సైరన్ మోగించే అధికారం రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్లకే ముందుగా, రాతపూర్వకంగా ఇచ్చి ఉండాలి. పై అధికారి ఫోను ఎత్తేదాకా ఆగే పద్ధతి పెడితే ఈ ఖర్చంతా వృథా. తప్పు జరగకుండా ఇద్దరు వేర్వేరుగా లాగిన్ అయి నొక్కాలి. సెన్సరు నేరుగా సైరన్‌ను లేపడం నాకు ఇష్టం లేదు. సాలీడు గూడు కట్టినా, చెత్త అడ్డుపడినా సెన్సరు అబద్ధం చెబుతుంది. రెండు సెన్సర్లు ఒకే మాట చెప్పి, కెమెరాలో కనబడితే నొక్కాలి.

వాతావరణ శాఖ రెడ్ అలర్ట్ ఇచ్చిన ప్రతిసారీ మాత్రం మోగించొద్దు. 204.5 మిల్లీమీటర్లు, ఆపైన పడే అవకాశం అన్నది జిల్లాకంతటికీ చెప్పే మాట. సైరన్ చెప్పాల్సింది "మీ వీధికి, ఇప్పుడు" అని. మూడుసార్లు ఉత్తగా మోగితే నాలుగోసారి ఎవరూ మంచం దిగరు. చెరువు నిండి మిగులు నీళ్లు మత్తడి దుంకుతుంటే కూడా మోగించనక్కర్లేదు, అది చెరువు చేయాల్సిన పనే. కట్ట మీద ఊట కనబడితే, కట్ట జారితే, నీళ్లు కట్ట అంచుకు వస్తే అప్పుడు.

నిర్వహణ గురించి త్వరగా చెప్పేస్తాను. వారానికోసారి నిశ్శబ్ద పరీక్ష. యంత్రం చెవికి వినబడని సన్నని శబ్దాన్ని డ్రైవర్ల గుండా పంపి కరెంటు కొలుచుకుంటుంది. నెలకోసారి, మొదటి శనివారం ఉదయం పదకొండింటికి అనుకోండి, పూర్తి కూత, ఒక్క నిమిషం, ముందు "ఇది పరీక్ష" అనే మాటతో. ఈ పరీక్ష యంత్రానికే కాదు, జనం చెవులకు కూడా. ఆరు నెలలకోసారి కరెంటు తీసేసి బ్యాటరీ మీద అరగంట భారం వేసి చూడాలి. వోల్టేజీ ఒక్కటే చూస్తే సచ్చిన బ్యాటరీ కూడా 52 చూపిస్తుంది. హార్నుల్లో కందిరీగలు గూళ్లు కడతాయి, జూన్‌కు ముందే చూడండి. నీళ్లు నిలవకుండా హార్ను నోరు కొంచెం కిందికి వంగి ఉండాలి. కోతులు మన దగ్గర పెద్ద సమస్య. బయట వేలాడే తీగ ఒక్క జానెడు కూడా ఉండకూడదు, అంతా జీఐ పైపులో పోవాలి, యాంటెన్నా తీగతో సహా. ఫ్లెక్సీలు కట్టే చోటుగా పోలు మారకుండా చూడటం కాలనీ సంఘాల పని. ఇరవై సైరన్లకు రెండు యాంప్లిఫైయర్లు, ఎనిమిది డ్రైవర్లు, ఒక బ్యాటరీ జత స్టోరులో ఉండాలి, ఊళ్లోనే. ఐదేళ్ల నిర్వహణ ధర, రెండుసార్లు బ్యాటరీ మార్పిడి టెండరు ధరలోనే కలిపి అడగండి. అప్పుడే ఎవరు నిజంగా చవకో తెలుస్తుంది.

ఇక మీ ప్రశ్నలు.

ప్రశ్న: గుడి మైకులు, మసీదు మైకులు ఇప్పటికే ప్రతి బస్తీలో ఉన్నాయి కదా సార్, వాటిని వాడుకోలేమా?

వాడుకోవాలి. ఆ గొంతును జనం నమ్ముతారు, ఆ మైకు ఎక్కడిదో గుర్తుపడతారు. కానీ దాని యాంప్లిఫైయరు చాలా చోట్ల కరెంటు మీదే నడుస్తుంది. ఒక 12 వోల్టుల బ్యాటరీ మీద నడిచే చిన్న యాంప్లిఫైయరు అదనంగా ఇచ్చి, చెప్పాల్సిన నాలుగు వాక్యాలు అట్ట మీద రాసి గోడకు తగిలించండి. ముందుగా కమిటీతో కూర్చుని మాట్లాడి, రాత్రి ఎవరికి ఫోను చేయాలో రెండు పేర్లు రాసుకోండి. సైరన్‌కు బదులుగా కాదు, దాని పక్కన.

ప్రశ్న: ఆసుపత్రుల దగ్గర, ఎంజీఎం చుట్టుపక్కల సైలెన్స్ జోను ఉంది. అక్కడ పెట్టొచ్చా?

ఆపద వేళ మోగించడానికి శబ్ద నియంత్రణ నిబంధనలు అడ్డు రావు, ప్రజా అత్యవసర పరిస్థితికి మినహాయింపు ఉంది. నెలవారీ పరీక్ష మాత్రం ఆ ఒక్క సైరన్‌ను తక్కువ శబ్దంతో చేయండి. ఆసుపత్రి కంట్రోల్ రూముకు నేరుగా ఒక రేడియో సెట్టు ఇవ్వండి. వాళ్లకు కూతకంటే పది నిమిషాల ముందు కబురు అందడం ముఖ్యం, కింది అంతస్తు రోగులను పైకి చేర్చాలి కదా.

ప్రశ్న: మా స్కూలు మీద పెడతామంటున్నారు. పిల్లల చెవులకు ప్రమాదం ఉండదా?

మంచి ప్రశ్న. మనుషులు నిలబడే ఏ చోటా 123 డెసిబెల్స్ మించకూడదన్నది సైరన్ల విషయంలో వాడే హద్దు. హార్ను 12 మీటర్ల పైన, నేరుగా అడ్డంగా చూస్తూ ఉంటే కింద ఆవరణలో దానికంటే చాలా తక్కువే ఉంటుంది. ప్రమాదం డాబా మీద. హార్ను ఎదురుగా రెండు మీటర్లలో ఎవరైనా నిలబడితే చెవి దెబ్బతింటుంది. కాబట్టి డాబా మెట్లకు గ్రిల్లు, తాళం. పైకి ఎక్కే మెకానిక్ కోసం డబ్బాలో ఒక స్విచ్చు ఉంటుంది, అది తిప్పితే యాంప్లిఫైయరుకు కరెంటు ఆగిపోతుంది, కంట్రోల్ రూము నొక్కినా మోగదు. పని అయ్యాక ఆ స్విచ్చు తిరిగి వేయడం మరిచిపోతారు. అది తెర మీద ఎర్రగా కనబడేలా పెట్టించండి, మెకానిక్ కిందికి దిగాక కంట్రోల్ రూముకు ఫోను చేసి నిశ్శబ్ద పరీక్ష పాసయిందని విన్నాకే డబ్బా తాళం వేయాలని పనిపత్రంలో రాయించండి.